రెండు మాత్రల తగవు

ఎమ్మిగనూరులో మనిషికి చెమట పట్టడం జబ్బు కాదు, ఊరి లక్షణం. అందుకే నలభై ఆరో ఏట నాకు మొదలైన బాధను ఎవరికీ నమ్మకంగా చెప్పలేకపోయాను. ఆడపిల్లల బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. నల్లబల్ల మీద తీసివేత లెక్క వేస్తుండగా ఉన్నట్టుండి గుండెల దగ్గర వేడి పుట్టేది. అది మెడకు పాకి, చెవులకు పాకి, నెత్తికెక్కేది. రెండు నిమిషాల్లో దిగిపోయేది. దిగిన తర్వాత రవిక వీపుకు అతుక్కుని ఒళ్లంతా చలి వేసేది. పుష్యమాసంలో పిల్లలు చేతులు చంకల్లో దాచుకుని కూర్చుంటే నేను అట్టముక్కతో విసురుకుంటూ ఎక్కాలు చెప్పించేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు కాదు. టీచరమ్మ కోపంగా ఉందనుకుని ఎక్కాలు మరింత గట్టిగా చెప్పేవాళ్లు.

చెమట వెనకాలే భయం వచ్చింది. దేనికి భయమని అడిగితే చెప్పలేను. బడి గంట కొడితే భయం. మా ఇంటాయన సైకిలు పది నిమిషాలు ఆలస్యమైతే భయం. తపాలావాడు వాకిట్లో నిలబడితే ఉత్తరం చదవకముందే కాళ్లు వణికేవి. నిద్ర సరేసరి. కర్నూలు రాజధాని అయిన రోజులవి. రాష్ట్రానికి రాజధాని దొరికిందని మా ఇంటాయన సంబరపడుతుంటే నాకు కంటికి కునుకు కరువైంది.

ఆయన హైస్కూల్లో సైన్సు అయివారు. వాళ్లది మంత్రాలయం దగ్గర గుడిసేవ చేసుకునే కుటుంబం. ఆ ఇంట్లోంచి సైన్సు వైపు వచ్చిన మొదటి మనిషి ఆయన. ససేమిరా రానని కూర్చున్న మనిషి ఆయన అక్క, మా ఆడబిడ్డ. చిన్నతనంలోనే భర్త పోయి మా దగ్గరే ఉండేది. నేనంటే ప్రాణం. ఆ ప్రేమతోనే తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది.

మా ఇంటాయన నన్ను ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. నాడి చూశాడు, కళ్లు చూశాడు, నాలుక చూశాడు. నా బాధ నన్ను కాక మా ఇంటాయన్ని అడిగి తెలుసుకున్నాడు.

"భయపడాల్సింది ఏమీ లేదు అయివారూ. నరాల బలహీనత. చదువుకున్న ఆడవాళ్లకు వస్తాంటుంది" అన్నాడు.

ఏమీ లేనిదానికి రోజుకు రెండు మాత్రలు రాశాడు. తెల్లగా, కందిగింజంత ఉండేవి. ఫినోబార్బిటోన్ అని మా ఇంటాయన సీసా మీద చదివి చెప్పాడు. మేమంతా నరాల మాత్ర అనేవాళ్లం.

ఆ మాత్ర నిజంగా గొప్పది. వారం తిరిగేసరికి భయం ఊరు విడిచి పోయినట్టనిపించింది. నిద్ర పట్టింది. చెమట మాత్రం యథాప్రకారం పట్టేది. తేడా ఏమిటంటే ఇప్పుడు అది ఇంకెవరికో పడుతున్నట్టు చూస్తూ కూర్చునేదాన్ని. కూరలో ఉప్పు రెండుసార్లు పడితే నవ్వేదాన్ని, అసలు పడకపోతే నవ్వేదాన్ని. మా ఇంటాయన తన ముప్పై ఏళ్ల సంసారంలో అంత శాంతి ఎరగనని నలుగురితో చెప్పుకున్నాడు. ఒకసారి బడికి తనిఖీ అధికారి వచ్చాడు. మిగతా టీచర్లు గడగడలాడుతుంటే నేను ఆయన ఎదుటే ఆవలించాను. ఆయన పుస్తకంలో నా గురించి "శాంతస్వభావం గల ఉపాధ్యాయిని" అని రాసిపోయాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి మాట అది. దానికి హక్కుదారు నేను కాదు, ఆ కందిగింజ.

ఏడాది గడిచాక రెండు మాత్రలకు పని తగ్గింది. భయం మళ్లీ గడప దాకా వచ్చి తొంగిచూసింది. డాక్టరు మూడోది కలిపాడు. రెండో ఏడు మొత్తం మూడు మాత్రల మీద నడిచింది. పొద్దున లేవగానే తల దూది మూటలా ఉండేది. పిల్లల పేర్లు మరచిపోయేదాన్ని. మాత్ర వేసుకోవడం గంట ఆలస్యమైతే చేతిలో సుద్దముక్క నిలిచేది కాదు. అది జబ్బు ముదరడమని నేను అనుకున్నాను, డాక్టరూ అనుకున్నాడు. మా ఆడబిడ్డ ఒక్కతే వేరే అనుకుంది.

"నీకు జబ్బు కాదు, ఆ ఇంగిలీసు మాత్తరే నిన్ను తింటాంది. శ్రావణమాసం వచ్చె. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటిని. ఆయప్ప దగ్గరికి పొయ్యేటప్పుడు కడుపులో మందు ఉండగూడదు. ఈ పొద్దు నుంచి మానుకో" అంది.

"మానితే మళ్లీ నిద్ర పట్టదు వదినా."

"పట్టకపోతే పట్టకపాయ. ఈరన్నను తల్చుకుంటూ పండుకో."

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చెప్పినదాంట్లో సగం నిజం. మాత్ర నన్ను తింటున్న మాట నిజమే. దాన్ని ఒక్కరోజులో మానాలన్నది తప్పు. సగం నిజం పట్టుకున్న మనిషిని ఆపడం కష్టం. సీసా తీసుకుపోయి బియ్యం డబ్బా అడుగున దాచింది. మా ఇంటాయన ఆ సమయంలో కర్నూల్లో ఏదో శిక్షణకు పోయి ఉన్నాడు.

మొదటి మూడు రోజులు ఏమీ కాలేదు. ఒంట్లో నిలవున్న మందు అంత తొందరగా పోదని ఆ తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మా ఆడబిడ్డ ముఖం చూడాలి, పందెం గెలిచినట్టు వెలిగిపోయింది. "సూస్తివా? ఏమన్నా అయ్యిందా?" అని పూటపూటకూ అడిగింది. నాలుగో రోజు కాళ్లలో చీమలు పాకినట్టుంది. ఐదో రోజు చెమటలు దఫాకు రెండు నిమిషాలు కాక దఫాకు గంట పట్టాయి. వెనకటి వేడి ఏదో, ఈ కొత్త చెమట ఏదో విడదీసి చెప్పలేకపోయాను. తలుపు చప్పుడైతే ఎగిరిపడ్డాను. ఆరో రోజు అన్నం ముద్ద నోటిదాకా రాకుండా కంచంలోనే పడింది. ఏడో రోజు శ్రావణ సోమవారం. ఉరుకుందకు బస్సెక్కాం.

ఆ బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. మేకపిల్ల ఒకటి, ముగ్గురు చంటిపిల్లలు, ఒక గంపెడు టెంకాయలు నా మీదే ఉన్నట్టు జ్ఞాపకం. దిగేసరికి గుడి ముందు జనం ఏట్లో నీళ్లలా కదులుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఒక్కొక్క దెబ్బా నా పళ్లలో పడుతోంది. వరసలో నిలబడ్డాం. చేతులు వణకడం మొదలై, భుజాలకెక్కి, దవడ టకటక కొట్టుకుంది. ఆపుకుందామని మా ఆడబిడ్డ భుజం పట్టుకున్నాను. ఆమె నా వైపు తిరిగి చూసి చేతులు జోడించింది.

"సామి వచ్చినాడు! మా మరదలి మీదికి సామి వచ్చినాడు!"

నేను కాదని చెప్పబోయాను. మాట రాలేదు. డప్పులవాళ్లు నా చుట్టూ చేరి మరింత గట్టిగా వాయించారు. ఎవరో నా జడ ఊడదీశారు. ఎవరో పసుపునీళ్లు చల్లారు. ఒక రైతు తలపాగా తీసి నా కాళ్ల దగ్గర పెట్టి కూర్చున్నాడు.

"సామీ, గోనెగండ్ల నుంచి వచ్చినాము. సేన్లు ఎండిపోతాండాయి. వానొస్తాదా రాదా? ఒక్క మాట సెప్పు సామీ!"

నా నాలుక అంగిట్లో అంటుకుపోయి ఉంది. ఉన్న శక్తినంతా కూడగట్టుకుని "నీళ్లు... నీళ్లు..." అన్నాను.

"నీళ్లొస్తాయంట! ఇన్నారా? నీళ్లొస్తాయని సెప్పినాడు!"

జనం గోవిందలు కొట్టారు. రైతు ఏడ్చాడు. నాకు గుక్కెడు నీళ్లు ఇచ్చిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. ఆ తర్వాత కాసేపు నాకేమీ తెలియదు. కళ్లు తెరిచేసరికి మండపంలో పడుకుని ఉన్నాను. నాలుక కొరుక్కుని నోట్లో రక్తం. నలుగురు ఆడవాళ్లు నా పాదాలకు పసుపు రాస్తున్నారు. మా ఆడబిడ్డ పక్కన కూర్చుని గర్వంతో ఏడుస్తోంది.

ఐదో నాడు గోనెగండ్లలో వాన కురిసింది. అది చెప్పకుండా దాచడం న్యాయం కాదు కాబట్టి చెబుతున్నాను. కబురంది గుడి మరునాడే కర్నూలు నుంచి వచ్చిన మా ఇంటాయన, నైరుతి గాలుల గురించి వాకిట్లో ముగ్గుపిండితో బొమ్మ గీసి మరీ వివరించాడు. వినడానికి వచ్చినవాళ్లు బొమ్మకు దండం పెట్టుకుని పోయారు.

ఆయన చేసిన మంచి పని ఇంకొకటి ఉంది. వచ్చీ రాగానే అక్కను అడిగి బియ్యం డబ్బాలోంచి సీసా తీసి మాత్ర ఇచ్చాడు. మరునాడే ఆదోని తీసుకుపోయాడు. అక్కడికి మద్రాసులో చదివిన లేడీ డాక్టరు ఒకామె కొత్తగా వచ్చిందని ఎవరో చెప్పారట. పత్తి బండ్లు వరసగా పోయే వీధిలో చిన్న ఇల్లు. దూది నూగు గాల్లో తేలివచ్చి ఆమె బల్ల మీద, మందు సీసాల మీద, ఆమె జుట్టు మీద కూడా వాలేది. ఆమె మొదట చేసిన పని మా ఇంటాయన్ని బయటికి పంపడం.

"మీ కథ మీరే చెప్పండమ్మా" అంది.

రెండేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి. నేను పూనకం దాకా అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. నా చేతులు చాపించి వేళ్లు చూసింది.

"నెలసరి ఆగి ఎంత కాలమైంది?"

నేను తల వంచుకున్నాను. మూడేళ్లయిందని చెప్పాను. మగ డాక్టరు అడగలేదు. అడిగినా నేను చెప్పేదాన్ని కాదు. తప్పు ఆయనొక్కడిదే అనడానికి వీల్లేదు.

"అయితే ఇందులో రెండు కథలున్నాయి" అంది ఆమె. "మొదటిది మీ వయసు. ఈ వయసులో ఒంట్లో ఊరే ఒక రసం ఆగిపోతుంది. వేడి, చెమట, నిద్ర పట్టకపోవడం, గుండెదడ, కొందరికి భయం కూడా అందుకే వస్తాయి. దానికి మీకు నరాల మందు ఇచ్చారు. అది భయాన్ని జోకొట్టింది, వేడిని ఏమీ చేయలేదు. రెండో కథ ఆ మందుది. దానికి మీ ఒళ్లు అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు తిరగబడుతుంది. మీకు వచ్చింది పూనకం కాదు, ఫిట్స్. ఇంకోసారి ఇలా చేస్తే ప్రాణం పోవచ్చు."

"మరి ఇది నాకు జన్మకు వదలదా?"

"వదులుతుంది. మెల్లగా. ముందు మీలో ఆగిపోయినదాన్ని మాత్రలుగా ఇస్తాను. ఒక నెల చూద్దాం. వేడి తగ్గితే అప్పుడు నరాల మందు కోయడం మొదలుపెడదాం. రెండూ ఒకేసారి కదిలిస్తే ఏది ఏం చేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు."

"ఈ కొత్తది వేసుకుంటే పాతది మానడం సులువవుతుందా?"

"కావచ్చు. చెమటల బాధ తగ్గితే మానే బాధ ఒక్కటే మిగులుతుంది. రెండు మోసేకన్నా ఒకటి మోయడం నయం కదా. అవుతుందని మాత్రం మాటివ్వను" అంది.

ఆ కొత్త మాత్ర పేరు స్టిల్‌బెస్ట్రాల్. మా ఇంటాయన దారంతా ఆ పేరు వల్లె వేసుకుంటూ వచ్చాడు. ఆయనకు అందులో గొప్ప సైన్సు కనిపించింది. మా ఆడబిడ్డకు మాత్రం వేరే సందేహం వచ్చింది. ఇలాంటి మందు ఒకటి గుర్రం మూత్రంతో చేస్తారని ఆదోనిలో కాంపౌండరు చెప్పిన మాట ఆమె చెవిన పడింది.

"ఇది అది కాదక్కా, ఇది ఫ్యాక్టరీలో చేసింది" అన్నాడు మా ఇంటాయన.

"ఫ్యాక్టరీలోనా? అంతకన్నా గుర్రమే మేలు కదరా, పానమున్న జీవి" అంది ఆమె.

మొదటి నెలలో వేడి సగానికి తగ్గింది. పూర్తిగా పోతుందనుకున్నాను, పోలేదు. మందు తక్కువేమోనని డాక్టరమ్మ కొంచెం పెంచింది. తర్వాత కోత మొదలైంది. మూడు వారాలకొకసారి పావు మాత్ర తగ్గించాలి. మా ఇంటాయన గడ్డం గీసుకునే బ్లేడుతో, అద్దం మీద పెట్టి, శ్వాస బిగబట్టి కోసేవాడు. ఒక్కోసారి మాత్ర పొడిగా రాలిపోయేది. ఆ పొడిని వేలితో అద్ది నాకు నాకించేవాడు. ముప్పై ఏళ్లలో ఆయన నాకు చేతితో తినిపించింది అదొక్కటే.

ప్రతి కోత తర్వాతా నాలుగైదు రోజులకు కష్టం వచ్చేది. చేతులు వణికేవి. చెమటలు తిరగబెట్టేవి. కొత్త మాత్ర పని చేయడం మానేసిందని గోల పెట్టేదాన్ని. నా వయసు చెమట ఏదో, మందు మానే చెమట ఏదో నాకెలా తెలుస్తుంది? డాక్టరమ్మ ఒక గుర్తు చెప్పింది. "పైకి పాకి రెండు నిమిషాల్లో దిగేది వయసుది. రోజంతా నిలిచేది, వణుకుతో వచ్చేది మందుది. వారంలో తగ్గితే మందుదే." ఆ గుర్తు పట్టుకుని రోజులు నెట్టాను. నిజంగానే ప్రతిసారీ వారానికి తగ్గేది. అలా తగ్గుతుందని ముందే తెలియడం సగం మందు.

మూడు మాత్రలు ఒకటిన్నరకు వచ్చాయి. అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది.

పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. తిరగమోత వాసన వస్తే ముక్కు మూసుకుని వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. రొమ్ములు సలిపేవి. బడిలో ఒకరోజు పాఠం మధ్యలో లేచి గోడ చాటుకు పోయి కక్కుకున్నాను. వెనక్కి తిరిగేసరికి హెడ్‌మిస్ట్రెస్ నిలబడి ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సెలవు ఎప్పటి నుంచి కావాల్నో ముందుగా సెప్పు టీచరమ్మా. ఇంకొకరిని సూసుకోవాల కదా."

"ఏం సెలవు?"

"సిగ్గెందుకులేమ్మా. దేవుడిచ్చినాడు."

నాకప్పటికి నలభై తొమ్మిది దగ్గర పడింది. మా అమ్మాయికే ఇద్దరు పిల్లలు. సాయంకాలానికి మా వీధి మగ్గాలన్నీ ఆగిపోయాయి. నేసేవాళ్లు అరుగుల మీదికి వచ్చి నన్ను భక్తిగా చూశారు. ఉరుకుందలో సామి మీదికొచ్చిన మనిషికి ఈ వయసులో కడుపు రావడంలో వాళ్లకు ఆశ్చర్యమేమీ కనిపించలేదు. మా ఆడబిడ్డ ఒక్కరోజులో పాత చీరలు చింపి పక్కగుడ్డలు కుట్టింది. మా ఇంటాయన పాపం రెండు రోజులు నా ముఖం చూడలేదు. మూడో రోజు పొద్దున బస్సు దాకా నడుస్తూ, "శాస్త్రప్రకారం అసాధ్యమైతే కాదులే" అని మాత్రం అన్నాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. ఏమీ లేదని తేల్చింది. ఈసారి నవ్వింది. తర్వాత ఆలోచనలో పడింది.

"ఇవన్నీ ఆ కొత్త మాత్ర ఎక్కువైతే వచ్చే లక్షణాలు. నేను పెంచింది నాలుగు నెలల కింద. అప్పుడు రాకుండా ఇప్పుడెందుకు వచ్చాయి? నరాల మందు తగ్గేకొద్దీ దీని బలం పెరిగినట్టుంది. ఎందుకో నాకు తెలియదు" అంది.

చాలా ఏళ్ల తర్వాత, మా బంధువుల అమ్మాయి కర్నూల్లో వైద్యం చదువుతూ ఈ సంగతి విని దానికి జవాబు చెప్పింది. నరాల మందు కాలేయాన్ని అదిలించి పని చేయిస్తుందట. అలా ఉరకలు వేస్తున్న కాలేయం రెండో మందును కూడా తొందర తొందరగా కరిగించి పారేస్తుందట. నరాల మందు తగ్గేసరికి కాలేయం నిదానించింది, కరగకుండా మిగిలిన రెండో మందు ఒంట్లో పేరుకుంది. "అట్లా అయ్యుండొచ్చు పెద్దమ్మా, ఖాయంగా చెప్పలేను" అని ఆ పిల్ల కూడా జాగ్రత్తపడింది. నా ఒంట్లో నాకు తెలియకుండా రెండు మాత్రలు నెలల తరబడి తగవు పడ్డాయన్నమాట. ఒకటి బలంగా ఉన్నన్నాళ్లూ రెండోదాన్ని తరిమింది. అది కుంటుపడగానే ఇది ఇల్లంతా నాదే అంది.

డాక్టరమ్మ కొత్త మాత్రను సగం చేసింది. "పది రోజుల్లో నెలసరిలా కొంచెం కనిపించవచ్చు, భయపడకండి. ఎక్కువైనా, మళ్లీ మళ్లీ వచ్చినా వెంటనే రండి" అని హెచ్చరించింది. సరిగ్గా అలాగే కనిపించింది. చాకలామె ద్వారా ఆ కబురు వీధిలోకి పోయింది. మరునాడు పొద్దున ఎదురింటామె, పక్కింటామె, హెడ్‌మిస్ట్రెస్ వరసగా వచ్చి నా మంచం చుట్టూ కూర్చున్నారు.

"పోనీలేమ్మా, మనకు రాసిపెట్టి లేదు" అని కళ్లు తుడుచుకున్నారు.

నేను ఎంత చెప్పినా వినలేదు. దుఃఖంలో అలా మాట్లాడుతున్నానని ఒకరికొకరు సైగ చేసుకున్నారు. ఎదురింటామె బాలింతకు పెట్టినట్టు వెల్లుల్లి కారం చేసి తెచ్చింది. తిన్నాను. చాలా రుచిగా ఉంది.

మిగిలిన ఒకటిన్నర మాత్ర పోవడానికి ఇంకో నాలుగు నెలలకు పైగా పట్టింది. చివరి పావుమాత్ర అన్నిటికన్నా మొండిది. దాన్ని డాక్టరమ్మ అనుమతితో ఇంకా సగం చేసి, అందులో సగం చేసి, ఆఖరికి అద్దం మీద కనిపించీ కనిపించని తునక మిగిలింది. ఒక ఆదివారం పొద్దున అదీ మానేశాను. వారం ఎదురుచూశాను. ఏమీ రాలేదు.

ఏమీ రాలేదంటే వణుకు రాలేదని. వేరేది వచ్చింది. సోమవారం తరగతిలో ఒక పిల్ల లేచి, వాళ్ల అవ్వ చనిపోయిందని, అందుకే నాలుగు రోజులు రాలేదని చెప్పింది. నేను హాజరు పట్టీలో రాసుకోబోయి ఆగిపోయాను. మా అమ్మ గుర్తొచ్చింది. ఏడాదిన్నర కింద కోడుమూరులో మా అమ్మ పోయింది. నేను పోయాను, శవం పక్కన కూర్చున్నాను, పదకొండు రోజులూ వచ్చినవాళ్లందరికీ భోజనాలు వడ్డించాను. కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఎంత గుండె దిటవు అని అందరూ మెచ్చుకున్నారు. మూడు మాత్రల దిటవు అది. ఆ సోమవారం ఎనిమిదేళ్ల పిల్లల ముందు కుర్చీలో కూలబడి నోరు తెరిచి ఏడ్చాను. అమ్మ వక్కాకు నమిలే వాసన, ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగితే నేను నవ్వి ఊరుకోవడం, అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఏమడిగిందో ఇప్పటికీ గుర్తు రాదు. పిల్లలు భయపడి బయటికి పరిగెత్తారు. అవ్వ పోయిన పిల్ల ఒక్కతే పోలేదు. దగ్గరికి వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది.

ఇంట్లో కూడా కాపురం మారింది. చారులో ఉప్పు లేదని మా ఇంటాయన కంచం తోస్తే, నేనూ తోశాను. జీతం ఎక్కడ పెట్టావని అడిగితే, నీదెక్కడ పెట్టావని అడిగాను. ఆయన నిట్టూర్చి, "ముందే బాగుండినావు" అన్నాడు. నిజమే. నేను నిద్రపోతున్నప్పుడు ఆయనకు బాగుండేది. బ్లేడుతో పావులు కోసి నన్ను లేపినవాడు తనే కాబట్టి ఎవరినీ అనడానికి లేకపోయింది.

ఇంకో ఏడాదికి కొత్త మాత్ర కూడా అలాగే మెల్లగా తగ్గించి మానేశాను. ఎన్నాళ్లయినా వాడవచ్చా అని అడిగితే డాక్టరమ్మ, "అవసరం తీరిన మందు ఇంట్లో ఉండకూడదు" అంది. వేడి మళ్లీ నాలుగు నెలలు వచ్చిపోతూ ఉండి, అలసిపోయి మానుకుంది. మా ఆడబిడ్డ శ్రావణంలో ఉరుకుందకు పోయి నా పేర టెంకాయ కొట్టి వచ్చింది. ఈరన్న వల్లే తగ్గిందని ఆమె, సైన్సు వల్లని ఆయన, నా ముందే వాదించుకునేవాళ్లు. నన్నెవరూ అడగలేదు.

ఒకరోజు బడి వదిలే వేళకు మా వీధిలో నేతపని చేసే ఇంటి ఇల్లాలు వచ్చింది. నా కన్నా రెండేళ్లు చిన్నది. పసుపు కుంకుమ తెచ్చి నా చేతిలో పెట్టి, చుట్టూ చూసి గుసగుసగా చెప్పింది.

"టీచరమ్మా, ఉన్నట్టుండి ఒళ్లు కాగిపోతాంది. గుండె దడదడ అంటాంది. మగ్గం కాడ కూర్చుంటే దారం కనపడకుండా సెమట కారిపోతాంది. మా ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటాండారు. సామి మీదికొచ్చిన దానివి, తల మీద సెయ్యి పెట్టు."

"నెలసరి ఆగిందా?"

ఆమె తల వంచుకుంది. ఏడాదైందని వేళ్లతో చూపించింది.

"నా సెయ్యితో అయ్యేది కాదమ్మా. ఆదోనికి పోదాం, పొద్దున బస్సుకు."

"నువ్వొస్తావా?"

"వస్తాను."

పొద్దున బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దారిలో రెండుసార్లు ఆమె ముఖం ఎర్రబడి చెమట పట్టింది. నేను కొంగుతో విసిరాను. డాక్టరమ్మ బట్టలు విప్పమంటుందా, సూది వేస్తుందా, మగవాళ్లుంటారా అని ఆమె అడుగుతూనే ఉంది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. ఆదోనిలో దిగేసరికి పత్తి బండ్లు రోడ్డుకు అడ్డంగా నిలిచి ఉన్నాయి. చెయ్యి పట్టుకుని ఎడ్ల మధ్యలోంచి అవతలికి దాటించాను.